కొండంత గొరిల్లా నిలబడగలదా?

ఊరి పేరు పియోరియా. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఉంది. జనం ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. ఇంతలో వీధిలోకి మూడు భూతాలు వచ్చిపడ్డాయి. ఒకటి మేడంత గొరిల్లా, దాని పేరు జార్జి. రెండోది వెనక కాళ్ళ మీద నడిచే బ్రహ్మాండమైన బల్లి, పేరు లిజ్జీ. మూడోది తోడేలు. దాన్ని రాల్ఫ్ అంటారు. మూడూ చెరో మేడ పట్టుకుని పైకి పాకాయి. పిడిగుద్దులతో గోడలకు కన్నాలు పెట్టాయి. కిటికీలో చెయ్యి పెట్టి దొరికినదల్లా, మనుషులతో సహా, నోట్లో వేసుకున్నాయి. సైనికులు తుపాకులు పేల్చారు. హెలికాప్టర్లు వచ్చాయి, టాంకులు వచ్చాయి. లాభం లేకపోయింది. కన్నాలు ఎక్కువైన మేడ నిలువునా కూలిపోయి దుమ్ములో కలిసింది. అన్ని మేడలూ అయిపోయాక మూడు భూతాలూ పక్క ఊరికి బయలుదేరాయి.

కంగారు పడకండి. ఇది పత్రికల్లో వచ్చిన వార్త కాదు. 1986లో బాలీ మిడ్‌వే అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన 'రాంపేజ్' అనే వీడియో గేమ్ సంగతి. బ్రయన్ కాలిన్, జెఫ్ నామన్ అనే ఇద్దరు దానికి రూపకర్తలు. బీరువా అంత పెట్టె, దానిలో ఒక తెర, తెర ముందు మూడు మీటలు. ఒక్కో మీట పక్కన రెండేసి బొత్తాలు. ఒకటి గుద్దడానికి, ఒకటి దూకడానికి. నాణెం వేసి ముగ్గురు ఒకేసారి ఆడవచ్చు. అంతకుముందు వచ్చిన ఆటల్లో చాలావాటిలో ఆటగాడు భూతాల నుంచి లోకాన్ని కాపాడేవాడు. ఇందులో ఆటగాడే భూతం! పిల్లలకు ఇది ఎంత నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా?

ఆట మొత్తం 128 రోజులు సాగుతుంది. పియోరియాలో మొదలై, అదే రాష్ట్రంలోని ప్లానో అనే చిన్న ఊళ్ళో ముగుస్తుంది. 128 అనే సంఖ్య చూడగానే కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళు చిన్నగా నవ్వుకుంటారు. 2ను ఏడుసార్లు వేసి గుణిస్తే వచ్చేది అదే. ఒకటి, సున్నా తప్ప మరో అంకె తెలియని యంత్రానికి మనకు నూరు ఎలాగో 128 అలాగ.

ఈ ఆటకు తరవాత చాలామంది తమ్ముళ్ళు పుట్టారు. 1997లో భూతాలు ప్రపంచయాత్ర చేశాయి. 1999లో బోరిస్ అనే ఖడ్గమృగం, కర్టిస్ అనే ఎలుక, రూబీ అనే సముద్రపు లాబ్‌స్టర్ (పెద్ద కొండిల రొయ్య అనుకోండి) వచ్చిచేరాయి. 2000లో ఒకటి, 2006లో మరొకటి వచ్చాయి. 2009లో మిడ్‌వే కంపెనీ దివాలా తీసింది. భూతాలు మాత్రం చావలేదు. 2018లో వాటి మీద హాలీవుడ్ వాళ్ళు సినిమా కూడా తీశారు. సరే, ఈ వంశవృక్షం ఇంతటితో చాలు. మనకు కావలసిన సంగతి వేరే ఉంది.

మొదటి ఆటలోని కథ ప్రకారం జార్జి, లిజ్జీ, రాల్ఫ్ పుట్టుకతో భూతాలు కారు. ముగ్గురూ మామూలు మనుషులే. జార్జి ప్రయోగశాలలో తయారైన ఒక విటమిను మింగాడు. లిజ్జీ అణుధార్మికత నిండిన చెరువులో మునిగింది. రాల్ఫ్ తిన్న తిండిలో ఏదో రసాయనం కలిసింది. అంతే, ముగ్గురూ మేడలంత పెరిగిపోయారు. దెబ్బలు ఎక్కువ తగిలి శక్తి అయిపోతే మళ్ళీ మనుషులుగా మారిపోతారు. ఒంటిమీద గుడ్డ ఉండదు కనుక చేతులు అడ్డం పెట్టుకుని, సిగ్గుతో పక్కవాటుగా నడుస్తూ తెరమీది నుంచి తప్పుకుంటారు.

ఇప్పుడు మన ప్రశ్న ఇది: ఒక మనిషి నిజంగా అంత పెరిగితే ఏమవుతుంది? మేడలు కూల్చడం తరవాత సంగతి, ముందు అతను నిలబడగలడా?

లెక్క సులువుగా ఉండేందుకు జార్జి మనిషిగా ఉన్నప్పుడు 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు అనుకుందాం. అతను పదిరెట్లు పెరిగాడు. అంటే 17 మీటర్లు, సుమారు అయిదంతస్తుల మేడ ఎత్తు. పొడవు ఒక్కటే పదిరెట్లు పెరిగితే తాడిచెట్టులా ఉంటాడు కనుక వెడల్పూ మందమూ కూడా పదేసి రెట్లు పెరగాలి. 10ని 10తో, మళ్ళీ 10తో గుణించండి. జార్జి ఘనపరిమాణం వెయ్యిరెట్లయింది.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఘనపరిమాణం వెయ్యిరెట్లు కావాలంటే ఆ పదార్థం ఎక్కడినుంచి రావాలి? విటమిను బిళ్ళ బరువు ఒక గ్రాము కూడా ఉండదు. శూన్యంలోంచి కండా ఎముకా పుట్టవు. పోనీ, ఉన్న 70 కిలోలే సాగి అంత మనిషి అయ్యాడనుకుందామా? అలా అయితే ఇంకా తమాషా. 70 కిలోల మనిషి దాదాపు 70 లీటర్ల చోటు ఆక్రమిస్తాడు. దానికి వెయ్యిరెట్లు 70 ఘనమీటర్లు. అందులో 70 కిలోలే ఉంటే ఘనమీటరుకు ఒక్క కిలో చొప్పున పడుతుంది. కాని మన చుట్టూ ఉన్న గాలి ఘనమీటరుకు సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంటే జార్జి గాలికన్న తేలిక! మేడ ఎక్కనక్కరలేదు, బుడగలా పైకి లేచి మబ్బుల్లోకి పోతాడు. సైనికులు తుపాకులు దించి చేతులూపి సాగనంపవచ్చు.

కాబట్టి ఎలాగో ఒకలాగ పదార్థం చేరిందనే అనుకుందాం. అప్పుడు జార్జి బరువు కూడా వెయ్యిరెట్లవుతుంది. 70 వేల కిలోలు, అంటే 70 టన్నులు. ఈ బరువును మోసేది కాళ్ళు. కాళ్ళు కూడా పెరిగాయి కదా అంటారేమో. పెరిగాయి. కాని ఎంత?

వైకుంఠపాళి ఆడే చదరపు పాచిక ఒకటి తీసుకోండి. అలాంటివే పేర్చి, ఎటు చూసినా పది పాచికలుండే పెద్ద పాచిక ఒకటి కట్టారనుకోండి. దానికి మొత్తం వెయ్యి పాచికలు పడతాయి. నేలకు ఆనే అడుగు వరసలో ఎన్ని ఉంటాయి? పది పదులు నూరు. వెయ్యి పాచికల బరువును నూరు పాచికలు మొయ్యాలి. అంటే అడుగున ఉన్న ప్రతి పాచిక తన బరువు కాక నెత్తిన మరో తొమ్మిదింటిని మోస్తోందన్నమాట. ఒంటి పాచికకు ఈ బాధ లేదు.

జార్జి తొడ ఎముక సంగతీ ఇంతే. ఎముకను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం ఎంతో దాని బలం అంత. ఆ వైశాల్యం పొడవు, వెడల్పు రెండింటినిబట్టే పెరుగుతుంది కనుక నూరురెట్లే అయింది. బరువేమో వెయ్యిరెట్లయింది. ఎముకలోని ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇదివరకటికి పదిరెట్ల భారం పడింది. ఇంకా పెద్దగా పెంచితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఇరవైరెట్లు పెంచితే భారం ఇరవైరెట్లు.

ఈ కిటుకు కనిపెట్టినవాడు గెలీలియో. దూరదర్శినితో బృహస్పతి చుట్టూ తిరిగే చంద్రుళ్ళను చూసిన ఆ గెలీలియోనే. 1638లో హాలెండులోని లైడెన్‌లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఈ సంగతి రాశాడు. అప్పటికి ఆయనకు 74 ఏళ్ళు. చూపు పూర్తిగా పోయింది. మతాధికారుల శిక్షవల్ల ఇల్లు కదలకూడదు. ఆ పుస్తకంలో రెండు ఎముకల బొమ్మలుంటాయి. ఒకటి మామూలు ఎముక. రెండోది దానికి మూడురెట్లు పొడవైనది. అంత పెద్ద జంతువులో చిన్న ఎముక చేసే పనే చెయ్యాలంటే అది ఎంత లావుండాలో గీసి చూపించాడు. చూస్తే అది ఎముకలా ఉండదు, రోకలికి వాపు వచ్చినట్లుంటుంది!

తరవాత 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త జంతువులకు తగిన పరిమాణం గురించి ఒక చక్కని వ్యాసం రాశాడు. మన జార్జిలాగే పదిరెట్లు పెరిగిన మనుషులను తీసుకుని ఆయన లెక్క కట్టాడు. మనిషి తొడ ఎముక సుమారు పదిమంది బరువు పడితే విరుగుతుంది. భారం పదిరెట్లయిన రాక్షసుడికి నిలబడితేనే గండం, అడుగు తీసి అడుగు వేస్తే తొడ పుటుక్కుమంటుంది. ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చి, కలకత్తాలోనూ భువనేశ్వర్‌లోనూ పనిచేసి, భారత పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. వైద్యవిద్యార్థులు చదువుకోవడానికి పనికొస్తుందని తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇమ్మని ముందే చెప్పి ఉంచాడు. అలాగే ఇచ్చారు. రాక్షసుల ఎముకల లెక్క చెప్పిన మనిషి తన ఎముకలను మన పిల్లల చదువుకు ఇచ్చాడన్నమాట.

"ఇదంతా కాగితం మీద లెక్క. నిజంగా ఎవరైనా పెరిగి చూశారా?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. పెరిగారు. పదిరెట్లు కాదు, రెండురెట్లు కూడా కాదు. విచిత్రమేమిటంటే అతనిదీ ఆ ఇలినాయ్ రాష్ట్రమే.

అతని పేరు రాబర్ట్ వాడ్లో. 1918లో ఆల్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. మెదడు కింద పీయూషగ్రంథి అని బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. ఒళ్ళు ఎదగడానికి కావలసిన హార్మోను అందులోంచి ఊరుతుంది. రాబర్ట్‌కు అది అవసరానికి మించి ఊరింది, ఎంతకీ ఆగలేదు. చివరకు 272 సెంటీమీటర్లు పెరిగాడు. నమ్మదగిన కొలతలున్న మనుషుల్లో ఇంతవరకు అంత పొడగరి లేడు. బరువు 199 కిలోలు. మామూలు మనిషి ఎత్తుకు ఇది 1.6 రెట్లే. కాని ఆ కాస్త పెరుగుదలకే కాళ్ళు మొరాయించాయి. నడవాలంటే కాళ్ళకు లోహపు కట్లు, చేతికి కర్ర కావలసివచ్చింది. పాదాల్లో స్పర్శ కూడా సరిగా ఉండేది కాదు. 1940లో ఒక కట్టు ఒరుసుకుని చీలమండ దగ్గర బొబ్బ లేచింది. అది అతనికి తెలియలేదు. బొబ్బ పుండయి, పుండు విషమించి జులై 15న చనిపోయాడు. వయసు 22 ఏళ్ళు. పరిచయమున్నవాళ్ళు అతన్ని ఎంతో మెత్తనివాడని చెప్పుకునేవారు. మేడలు కూల్చే జార్జి పక్కన ఈ నిజమైన రాక్షసాకారుణ్ణి ఒక్కసారి ఊహించుకోండి.

అలాగయితే ఏనుగుల సంగతేమిటి? అవి అయిదారు టన్నులుండి కూడా హాయిగా తిరుగుతున్నాయి కదా! తిరుగుతున్నాయి, ఎందుకంటే ఏనుగు పెద్దదైన ఎలుక కాదు. దాని ఆకారమే వేరు. ఎలుక కాళ్ళు సన్నగా, మోకాళ్ళ దగ్గర వంగి ఉంటాయి. ఏనుగు కాళ్ళు స్తంభాల్లాగా నిట్టనిలువుగా ఉంటాయి. వంగిన కర్ర మీద బరువు పెడితే విరుగుతుంది, నిలువు గుంజ మీద పెడితే ఆగుతుంది. అంత చేసినా పెద్ద ఏనుగు ఎగిరి దూకలేదు. ఎంత తొందరగా పోతున్నా ఒక్క కాలయినా నేలమీద ఉండవలసిందే. జార్జికేమో దూకడానికి ప్రత్యేకంగా ఒక బొత్తామే పెట్టారు!

పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఈసారి వెళ్ళినప్పుడు తల, తోక తరవాత చూడవచ్చు, ముందు కాళ్ళు చూడండి. ఏనుగు పద్ధతే అక్కడా కనిపిస్తుంది. దాని తరవాతి కాలంలో ఆ జాతిలో పుట్టిన మహాకాయాలు మెడ ఎముకల్లో గాలి గదులు పెట్టుకుని బరువు తగ్గించుకున్నాయి. వాటిలో అతిపెద్దవి 60, 70 టన్నులుండేవని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అంటే జార్జి అంత బరువున్న జంతువులు భూమి మీద నిజంగా నడిచాయి. కాని నాలుగు కాళ్ళ మీద నడిచాయి, మనిషి ఆకారంలో నడవలేదు. నీలి తిమింగిలం అంతకు రెట్టింపు బరువుండగలదు. దాన్ని నీళ్ళు మోస్తాయి. పాపం, అది ఒడ్డున పడితే తన బరువు కింద తానే నలిగిపోతుంది.

జార్జికి కాళ్ళతోనే కష్టాలు తీరలేదు. గుండె ఉంది. మనకు గుండెనుంచి తలపైకి 40 సెంటీమీటర్లయితే అతనికి 4 మీటర్లు. నెత్తురును అంత ఎత్తుకు ఎక్కించడానికే 300 మిల్లీమీటర్ల పాదరసం పీడనం కావాలి. మనకు వైద్యులు కొలిచి చెప్పే పై అంకె 120. జిరాఫీకి తల గుండెకు 2 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని రక్తపు పోటు మనకు దాదాపు రెట్టింపు. జార్జికి జిరాఫీ గుండె కూడా చాలదు.

మరి తిండి? వెయ్యిమంది బరువున్నవాడు వెయ్యిమంది తిండి తింటాడని మీరు అనేస్తారు. కాదు! జంతువు పెద్దదయినకొద్దీ కిలో బరువుకు కావలసిన తిండి తగ్గుతుంది. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త చిన్నా పెద్దా జంతువులను కొలిచి దీనికి ఒక సూత్రం చెప్పాడు. ఆ సూత్రం ప్రకారం బరువు వెయ్యిరెట్లయితే తిండి సుమారు 178 రెట్లే అవుతుంది. మనిషికి రోజుకు 2,200 కాలరీలనుకుంటే జార్జికి దాదాపు 3 లక్షల 90 వేల కాలరీలు కావాలి. బియ్యంలో చెప్పాలంటే 110 కిలోలు, బస్తాకు కాస్త పైన. వండితే ఎంతవుతుందో అమ్మనడగండి. మూడింతలు తూగుతుంది, బండెడన్నం! ఏకచక్రపురంలో బకాసురుడికి రోజూ బండెడన్నం పంపేవారని కథ విన్నారు కదా. ఆ కథ కట్టినవాళ్ళు క్లైబర్‌ను చదవలేదు గాని లెక్క బాగానే కుదిరింది.

అయితే తిన్న తిండి వేడిగా మారి ఒంటిలోంచి బయటికి పోవాలి. వేడి పోయే దారి చర్మం. తిండి 178 రెట్లయింది, చర్మం నూరురెట్లే అయింది. పైగా గొరిల్లా కనుక ఒంటినిండా బొచ్చు! ఏనుగుకు చేటంత చెవులెందుకున్నాయో, ఒంటిమీద వెంట్రుకలు ఎందుకు లేవో ఆలోచించండి. రూబీ లాబ్‌స్టర్ పాట్లు ఇంకో రకం. లాబ్‌స్టర్‌కు ఎముకలుండవు, పైపెంకే దానికి అస్థిపంజరం. పెరగాలంటే ఆ పెంకు వదిలేసి, కొత్తది గట్టిపడేదాకా మెత్తగా పడి ఉండాలి. నీళ్ళలో సాగుతుంది గాని, మేడంత లాబ్‌స్టర్ నడివీధిలో పెంకు విడిస్తే పాకంలా పరుచుకుపోతుంది.

ఇక లిజ్జీ మునిగిన చెరువు దగ్గరకు వద్దాం. అణుధార్మికత తగిలితే జంతువులు పెద్దవవుతాయని ఈ ఆటలూ సినిమాలూ చూసి చాలామంది పిల్లలు నమ్ముతారు. అందుకని ఈ ముక్క కాస్త నిదానంగా చదవండి.

లిజ్జీకి పెద్దన్న లాంటి భూతం జపానులో ఉంది. 1954 నవంబరు 3న విడుదలైన సినిమాలో 50 మీటర్ల ఎత్తున్న గాడ్జిల్లా టోక్యో నగరాన్ని తొక్కేసింది. జపాను భాషలో దాని పేరు గొజిరా. గొరిల్లాను వాళ్ళు గొరిరా అంటారు, తిమింగిలాన్ని కుజిరా అంటారు. రెండూ అతికితే గొజిరా. సముద్రం అడుగున ఉన్న ఆ జంతువును హైడ్రోజన్ బాంబు పరీక్షలు లేపాయని కథ. ఆ కథ వెనక నిజంగా ఒక బాంబు ఉంది. అదే సంవత్సరం మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. అది అనుకున్నదానికి రెండురెట్లకు మించి పేలింది. హిరోషిమా మీద వేసినదానికి సుమారు వెయ్యిరెట్లు. అక్కడికి దూరంగా, ప్రమాదం లేదని చెప్పిన చోట, జపాను పడవ ఒకటి చేపలు పడుతోంది. దాని పేరుకు అర్థం అయిదో నంబరు అదృష్ట నాగం. కొన్ని గంటల తరవాత పడవ మీద తెల్లని బూడిద మంచులా రాలింది. పగడపు దిబ్బ పేలి పొడి అయిన బూడిద అది. నావికులు 23 మంది. అదేమిటో తెలియక చేతులతో ఊడ్చారు. వాళ్ళలో ఒక్కరూ ఒక్క అంగుళం కూడా పెరగలేదు. ఒళ్ళు కాలింది, వాంతులయ్యాయి, జుట్టు రాలింది. వైర్‌లెస్ చూసే అయికిచి కుబోయామా సెప్టెంబరు 23న ఆసుపత్రిలో చనిపోయాడు. తరవాత ఆరు వారాలకు సినిమా వచ్చింది. గాడ్జిల్లాను చూసి జపాను ప్రేక్షకులు దేన్ని తలచుకుని ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ పడవను టోక్యోలో భద్రపరిచారు.

అణుధార్మిక కిరణాలు చేసే పని ఇదీ: శరీరంలోని కణాల్లో, ఆ కణం ఎలా నడుచుకోవాలో రాసి ఉన్న దారంలాంటి పదార్థం ఉంటుంది. కిరణాలు ఆ దారాన్ని అక్కడక్కడ తెంపుతాయి. తెగిన కణాలు చనిపోవచ్చు, లేదా అదుపు తప్పి కాన్సరు కావచ్చు. కాగితాలను చించి ఎగరేస్తే కొత్త పుస్తకం తయారవుతుందా? ఇదీ అంతే. 2018 సినిమాలో అణుధార్మికతను వదిలేసి, జన్యువులను మార్చడంవల్ల జంతువులు పెరిగినట్లు చూపించారు. జన్యువులను మార్చడం నిజంగానే సాధ్యం. కాని ఏ జన్యువును మార్చినా పాచికల లెక్కను మార్చలేం.

మరి నిలబడటమే రాని ఈ భూతాలను తెరమీద చూస్తే మనకు నమ్మకం ఎలా కలుగుతోంది? 1933 నాటి 'కింగ్ కాంగ్' చిత్రంలో కొండంత గొరిల్లా నిజానికి మూరెడు బొమ్మ. లోపల లోహపు కీళ్ళు, పైన బొచ్చు. విల్లిస్ ఒబ్రయన్ అనే నిపుణుడు దాన్ని కొంచెం కదిపి ఒక ఫొటో, మరి కొంచెం కదిపి మరో ఫొటో చొప్పున తీయించాడు. సెకండుకు 24 ఫొటోలు! శ్రద్ధగా చూస్తే కాంగ్ బొచ్చు ఊరికే అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. బొమ్మను కదిపినవాళ్ళ వేళ్ళ ఆనవాళ్ళు అవి.

గాడ్జిల్లా మరో పద్ధతి. హరువొ నకజిమ అనే నటుడు బరువైన రబ్బరు తొడుగులో దూరి, 25వ వంతుకు తగ్గించి కట్టిన బొమ్మ మేడల మధ్య నడిచాడు. ఇక్కడ ఒక చిక్కుంది. 2 మీటర్ల ఎత్తునుంచి రాయి జారవిడిస్తే 0.64 సెకండ్లలో నేలకు తాకుతుంది. 50 మీటర్లనుంచి అయితే 3.2 సెకండ్లు పడుతుంది. ఎత్తు 25 రెట్లు, కాలం అయిదు రెట్లు. 25కు వర్గమూలం 5 అని మీకు తెలుసు కదా. బొమ్మ మేడను కూలగొట్టి ఉన్నదున్నట్లు చూపిస్తే చిటికెలో కూలుతుంది, మన కన్ను వెంటనే అది అట్టపెట్టె అని పసిగడుతుంది. అందుకని కెమెరాను మామూలుకన్న వేగంగా తిప్పి ఫిల్ము తీశారు. దాన్ని మామూలు వేగంతో చూపిస్తే అంతా నిదానంగా, బరువుగా జరుగుతుంది. బరువును కన్ను తూచలేదు, కాని కాలాన్నిబట్టి పోల్చుకుంటుంది.

ఆటపెట్టెలో ఆ అవసరం కూడా లేదు. జార్జి అంటే యంత్రం జ్ఞాపకంలో దాచుకున్న చిన్న చిన్న బొమ్మల వరస. అడ్డంగా ఎక్కడున్నాడు, నిలువుగా ఎక్కడున్నాడు అన్నవి రెండు అంకెలు. అంకె మార్చితే జార్జి కదులుతాడు. అతని శక్తి ఎంత మిగిలిందో మరో అంకె, అది తెర పైభాగాన గీతలా కనిపిస్తుంది. కాని తొడ ఎముక మీద ఎంత భారం పడుతోంది అనే అంకె ఎక్కడా లేదు. మేడ కూలడం కూడా అంతే. వెయ్యి ఇటుకలు వెయ్యి దారుల్లో పడటాన్ని లెక్క కట్టాలంటే ఆనాటి యంత్రాలకు తలకు మించిన పని. అందుకని మేడ బొమ్మను బొమ్మగానే కిందికి జార్చి, అడుగున దుమ్ము బొమ్మ అడ్డం పెట్టారు. నూతిలోకి దిగిపోతున్న చేదలాగ మేడ దుమ్ములోకి దిగిపోతుంది. అది చూసినవాళ్ళెవరూ ఇటుకలేవీ అని అడగలేదు!

ఇంట్లో అమ్మ చపాతీ పిండి కలిపిన రోజున మీరూ ఒక ప్రయోగం చెయ్యండి. ఉసిరికాయంత పిండి తీసుకుని నాలుగు సన్న కాళ్ళున్న కుక్కపిల్లను చేసి నిలబెట్టండి. నిలబడుతుంది. ఇప్పుడు మిగతా పిండంతా తీసుకుని, అదే కుక్కను అన్ని పక్కలా మూడురెట్లు పెద్దదిగా చెయ్యండి. కాళ్ళ మందం కూడా సరిగ్గా మూడురెట్లే ఉండాలి, దొంగతనంగా లావు చెయ్యకూడదు. పిండి ఇరవైయేడింతలు పడుతుంది. నిలబెట్టి చెయ్యి తీసి, నూరు లెక్కపెట్టండి. కాళ్ళు ఎటు వంగుతున్నాయో, పొట్ట నేలకు ఎప్పుడు తగులుతుందో రాసుకోండి. తరవాత ఆ కాళ్ళను ఎంత లావు చేస్తే కుక్క నిలబడుతుందో మెల్లగా పిండి చేర్చి చూడండి. అప్పటికి మీ కుక్క ఏనుగులా కనిపిస్తూ ఉంటుంది. పిండి ఎండిపోకముందే మళ్ళీ ముద్ద చేసి అమ్మకు ఇచ్చేయండి.